చెరువు మట్టి మీద సీసా గాజు: గ్లేజు బిళ్ళల పని డైరీ

పని ఇదీ. వరంగల్ చుట్టుపక్కల దొరికే సరుకుతోనే గోడకు అతికించే నాలుగంగుళాల గ్లేజు బిళ్ళలు, అంటే పైన గాజు పూత కరిగించి పట్టించిన మట్టి పలకలు, చేయాలి. మట్టి చెరువు పూడికది, గాజు పారేసిన సీసాలది, సిలికా రైస్‌మిల్లు బూడిదది. వెలిగారం (బోరాక్స్) కంసాలి సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. బిళ్ళ వెయ్యి డిగ్రీల దగ్గరలోనే కాలాలి, గ్లేజు మీద నెర్రెలు రాకూడదు, సీసం గానీ సీసంతో చేసే సిందూరం గానీ ఎక్కడా కలవకూడదు. మొదటి రెండూ కలిపి సాధించడమే కష్టం. తక్కువ వేడికి కరిగే గాజులో సోడా ఎక్కువ. సోడా ఎక్కువైన గాజు చల్లారేటప్పుడు మట్టికంటే ఎక్కువ ముడుచుకుంటుంది, మట్టి అంత ముడుచుకోదు కాబట్టి గ్లేజు చిట్లుతుంది. చాలామంది గ్లేజునే మార్చుకుంటూ పోతారు. మా లెక్కలో సగం మందు మట్టిలోనే ఉంది.

మార్చి చివర, మట్టి

చెరువులు ఎండుతున్నాయి, మట్టికి కరువు లేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైన దగ్గర్నుంచి పూడిక మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకోవడం ఊళ్ళల్లో అలవాటైన పనే. అయితే పొలానికి పనికొచ్చే మట్టి, బట్టీకి పనికొచ్చే మట్టి ఒకటి కావు. పైన అడుగు మందం పొరలో నాచు, వేర్లు, పేడ ఉంటాయి. పొలానికి అది బలం. బట్టీలో మాత్రం బొగ్గై బిళ్ళ నడుమ నల్లగా చిక్కుకుంటుంది. ఆ పొర రైతుకు వదిలేసి, కింద పారతో కోస్తే నున్నగా మెరిసే పొర తీసుకోవాలి.

గట్టు మీదనే మూడు పరీక్షలు చేయొచ్చు. తడి మట్టిని పెన్సిల్ లావు తాడుగా చేసి వేలికి చుట్టాలి. పగలకుండా చుట్టుకుంటే జిగురు చాలినంత ఉన్నట్టు. పారదర్శకమైన సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్ళు పోసి గట్టిగా ఊపి పెడితే ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు గంటల్లో, బంక మట్టి మర్నాటికి. పొరల మందం చూస్తే దేని పాలు ఎంతో తెలుస్తుంది. ఇక మూడోది, ఎండిన ముద్ద మీద బాత్‌రూం కడిగే యాసిడ్ చుక్క. బుసబుస పొంగితే సున్నపురాయి ఉన్నట్టు. నల్లరేగడి ఉన్న ఊళ్ళ చెరువుల్లో ఇది పొంగకపోతేనే వింత.

నల్ల మట్టిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే బంక ఖనిజం ఉంటుంది. పొరల నడుమకు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఎండాకాలం రేగడి చేలల్లో కాలు దిగే నెర్రెలు పడేది దీనివల్లనే. తడి బిళ్ళ మీద సరిగ్గా 100 మి.మీ. ఎడంతో రెండు గీతలు గీసి ఎండబెడితే, ఎన్ని మిల్లీమీటర్లు తగ్గితే అంత శాతం కుంచించుకున్నట్టు. వట్టి నల్ల పూడిక 12 దాకా పోయింది, అంచులు పైకి లేచి గూనపెంకలా వంగింది. చెల్క నేలల ఎర్రమట్టి, ఇటుక పొడి కలిపితే ఎండు కుంచింపు 7 దగ్గరికి వచ్చింది. ఎర్రమట్టికి జిగురు తక్కువ, నల్లమట్టికి అతి. ఒకదాని లోపం ఇంకొకటి పూడుస్తుంది. ఇటుక పొడి ముందే కాలింది కాబట్టి మళ్ళీ ముడుచుకోదు, లోపలి తేమ బయటికి రావడానికి దారి కూడా ఇస్తుంది.

నానబెట్టే ముందు మట్టిని ఎముకలా ఎండనివ్వాలి. సగం తడి గడ్డ నీళ్ళలో రోజులకొద్దీ గడ్డగానే ఉంటుంది. పూర్తిగా ఎండిన గడ్డ నీళ్ళు పీల్చుకుంటూ తనంత తానే విచ్చిపోతుంది. పలచగా కలిపి 60 మెష్ జల్లెడ పట్టాలి. దాని కన్ను పావు మిల్లీమీటరు. వడకట్టిన నీరు తేరాక పైనీళ్ళు ఒంపేసి, అడుగున మిగిలిన ముద్దను తాటిపత్రి మీద పాత బట్ట పరిచి ఆరబెట్టాలి. బోరునీళ్ళలో లవణాలెక్కువైతే కాలిన బిళ్ళ మీద తెల్లటి ఉప్పు పొర తేలుతుంది. చివరి కడుగు వాననీళ్ళతోనో, ఫిల్టర్ ప్లాంటు నీళ్ళతోనో చేస్తే మేలు.

జల్లెడలో మిగిలిన సుద్ద గడ్డలు

జల్లెడ మీద తెల్లటి గడ్డలు మిగులుతాయి, శనగ గింజంతవి, రేగుపండంతవి. ఇవి కాల్షియం కార్బొనేట్. ఒక్క గడ్డ బిళ్ళలో ఉండిపోయినా చేటే. 850 డిగ్రీలు దాటాక అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది, 100 గ్రాముల గడ్డకు 56 గ్రాములు. బట్టీలోంచి తీసినప్పుడు బిళ్ళ లక్షణంగా ఉంటుంది. తర్వాత గాలిలో తేమ తగిలి సున్నం విరిసి ఉబ్బుతుంది. పైమట్టి చిప్పలా లేచి, గుంటలో తెల్లటి చుక్క కనిపిస్తుంది. ఇటుకల వాళ్ళకు బాగా తెలిసిన జబ్బు ఇది. అనుమానమున్న ఇటుకల్ని బట్టీలోంచి తీయగానే నీళ్ళలో ముంచి నాననివ్వడం దానికి పాత మందు.

అదే గడ్డను మెత్తగా నూరి మట్టిలో సమంగా కలిపితే గుణం తిరగబడుతుంది. 100 మెష్ దాటే పొడిలో ఒక్కో రేణువు సన్నది, చుట్టూ మట్టి, ఇసుక రేణువులు. వెయ్యి డిగ్రీల దగ్గర సున్నం వాటిలోని సిలికా, అల్యూమినాలతో కలిసి కొత్త ఖనిజాలవుతుంది, విరియడానికి విడి సున్నం మిగలదు. అట్లా కాలిన మట్టి, చల్లారేటప్పుడు మామూలు ఎర్రమట్టికంటే కాస్త ఎక్కువగా ముడుచుకుంటుంది. మనకు కావలసింది అదే. తగరం గ్లేజుతో మజోలికా పాత్రలు చేసిన ఇటలీ కుమ్మరులు సున్నం కలిసిన మట్టినే వాడింది ఊరికే కాదు.

గడ్డలు ఏరడం ఓపికకు మించితే బండలు పాలిష్ చేసే చోట పాలరాతి పొడి అడగాలి, అదీ కార్బొనేటే. తడి సున్నం వేయొద్దు. మట్టి వెంటనే బిగుసుకుపోతుంది, చేతులు కాలుతాయి. బడి సుద్దముక్కలూ వద్దు. అవి చాలావరకు జిప్సం, అంటే సల్ఫేట్. దాని ఉప్పు పొర గ్లేజును కూడా పాడుచేస్తుంది.

ఎండు తూకంలో ఇప్పటి పాళ్ళు: నల్ల పూడిక 45, చెల్క ఎర్రమట్టి 30, సుద్ద పొడి 15, 30 మెష్ దాటిన ఇటుక పొడి 10. పోలికకు సుద్ద లేనిదొకటి, 25 పాళ్ళు వేసినదొకటి పక్కన పెట్టాం. 25 వేసింది 1100 దాటగానే ఒక్కసారి మెత్తబడి కుంగింది. సున్నపు మట్టికి మధ్యస్థం ఉండదు, కాలడానికీ కరగడానికీ నడుమ సందు చాలా ఇరుకు. 1050 దాటించకపోవడమే మంచిది.

బిళ్ళ కోత

పూర్తయ్యేసరికి 100 మి.మీ. రావాలంటే, ఎండు కుంచింపూ కాల్పు కుంచింపూ కలిపి 8 శాతమైతే, తడిలో 109 మి.మీ. కోయాలి. మందం 12. రెండు పక్కలా 12 మి.మీ. రీపర్లు పెట్టి కర్రతో చదును చేస్తే సరిపోతుంది. పరిచిన ముద్దను తిప్పి రెండో వైపు కూడా కర్ర నడపాలి. ఒకే వైపు ఒత్తితే రేణువులన్నీ ఒకే వాలున పడుకుని ఎండేటప్పుడు ఆ వైపుకే వంగుతుంది. వెనకవైపు సిమెంటు పట్టడానికి అడ్డంగా గాళ్ళు గీయాలి, లోతు 2 మి.మీ. మించకుండా.

ఏప్రిల్ ఎండలో ఆరుబయట పెడితే అంచులు గంటలో తెల్లబడతాయి, నడుమ తడిగానే ఉంటుంది, మూలలు లేస్తాయి. నీడలో ప్లైవుడ్ పలకల నడుమ న్యూస్‌పేపరు వేసి, పైన బరువు పెట్టి, పూటకోసారి కాగితం మార్చాలి. సగం ఆరాక ఇటుకల మీద నిలబెడితే రెండు వైపులా గాలి తగులుతుంది.

మొదటి కాల్పు

బట్టీ సింగిల్ ఫేజ్ కరెంటుది, 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు, అంటే 3.7 కిలోవాట్లకు కొంచెం తక్కువ. సాయంత్రం మోటార్లు నడిచే వేళ వోల్టేజి 190కి పడితే వేడి కూడా అదే పాళ్ళలో తగ్గుతుందనుకోవద్దు. పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 190ని 230తో భాగించి వర్గం చేస్తే 0.68, మూడోవంతు దాకా పోయినట్టే. అప్పుడు 950 దగ్గర సూది కదలదు. పైవేడి అర్ధరాత్రి దాటాక పడేటట్టు మొదలుపెట్టాలి. థర్మోకపుల్ చెప్పేది దాని మొన దగ్గరి వేడే. బిళ్ళల నడుమ కోన్ (నిర్ణీత వేడికి మెత్తబడి వంగే చిన్న శంకువు) పెట్టకుండా కాల్చడం గుడ్డి పని. 06 కోన్ వంగితే 1000 దగ్గర, 04 వంగితే 1060 దగ్గర.

120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆపాలి. పై కన్నం దగ్గర చల్లటి స్టీలు పళ్ళెం పెడితే ఆవిరి పడుతున్నంతసేపూ లోపల నీళ్ళున్నట్టే, ఎక్కించొద్దు. తర్వాత గంటకు 60 చొప్పున 200 దాకా, అక్కడి నుంచి 100 చొప్పున. 450 నుంచి 600 నడుమ మట్టి ఖనిజంలోని బంధిత నీరు పోతుంది, ఇక ఆ ముద్ద మళ్ళీ మట్టి కాదు. 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ రూపం మార్చుకుని ఒక్కసారి ఉబ్బుతుంది, దిగేటప్పుడు అక్కడే ముడుచుకుంటుంది. కాబట్టి 540 నుంచి 620 దాకా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గంటకు 50 మించొద్దు. అటు తర్వాత 150 చొప్పున 900 దాకా పోయి, మూత సందు తెరిచి ఒక గంట ఆపాలి, లోపలి బొగ్గు కాలి పోవడానికీ సుద్దలోని వాయువు వదలడానికీ. ఈ ఆపు ఎగ్గొట్టిన బిళ్ళను విరిచి చూస్తే నడుమ నల్ల చార. ఆ చార మీదనే తర్వాత గ్లేజు బుడగలు లేస్తాయి. చివరగా 1030, ఇరవై నిమిషాలు.

మొదటి కాల్పు గ్లేజు కాల్పుకంటే ఎక్కువ వేడిలో జరగాలి. ఇంట్లో కుండలు చేసేవాళ్ళు సాధారణంగా తలకిందులు చేస్తారు, తక్కువలో మొదటిది, ఎక్కువలో గ్లేజు. సుద్ద కలిసిన మట్టికి అది కుదరదు. మిగిలిన వాయువంతా కరిగిన గ్లేజులోంచే బయటికి రావాలి, సూది మొనంత గుంటలు మిగులుతాయి.

తీసి చూస్తే సుద్ద లేని బిళ్ళ ఎర్రగా, 15 పాళ్ళది లేత గోధుమ రంగులో ఉన్నాయి. ఇనుము ఎక్కడికీ పోలేదు, సున్నంతో ఏర్పడిన కొత్త ఖనిజాల్లో చిక్కుకుని ఎరుపు చూపించడం మానేసింది. రంగు మారిందంటే సున్నం పని జరిగిందనే అర్థం. ఎర్రగానే ఉంటే పొడి ముతకదైనా అయి ఉండాలి, వేడైనా చాలకపోయి ఉండాలి.

సీసాలు

కావలసింది సోడా-లైం గాజు. మామూలు తెల్ల సీసాలు, కిటికీ అద్దాలు అన్నీ ఇదే. సుమారుగా సిలికా 72, సోడా 13, సున్నం 10 శాతం. ట్యూబ్‌లైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు ముట్టొద్దు, పాదరసం ఉంటుంది. పాత టీవీల పిక్చర్ ట్యూబుల్లో సీసం, మెరిసే కట్ గ్లాసుల్లోనూ సీసమే. పొయ్యి మీద పెట్టే గాజు పాత్రలు బోరోసిలికేట్. విషం కాదు గానీ ఈ వేడికి కరగవు, గ్లేజులో పలుకులుగా మిగులుతాయి. గోధుమ రంగు బీరు సీసాలకు రంగు ఇనుము, గంధకం కలిసి ఇచ్చేది. కరిగించేటప్పుడు వాయువు వదులుతుంది, అందుకని వేరే పెట్టాం.

లేబుళ్ళు చాకలి సోడా నీళ్ళలో నానబెట్టి తీసేయాలి. సీసాను ఉన్నదున్నట్టు దంచితే పలుకులు ఎగిరి కళ్ళల్లో పడతాయి. బట్టీలో 500 దాకా వేడి చేసి, పట్టకారుతో ఇనుప బకెట్లో నీళ్ళలో వేస్తే ముక్కంతా వెంట్రుకవాసి పగుళ్ళతో నిండి, రోకలి బండతో మెల్లగా నూరినా చాలు, పొడి అవుతుంది. పైపొర ఒక్కసారి ముడుచుకుంటుంది, లోపలి పొర వేడిగానే ఉంటుంది. లాగుడుకు గాజు నిలవదు, అందుకే పగులుతుంది. ఒత్తుడుకైతే ఎంతో నిలుస్తుంది. గ్లేజు కథంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

మెత్తటి పొడికి బాల్ మిల్లు కావాలి. 25 సెం.మీ. అడ్డకొలత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము, రెండు రోలర్లు, పాత వాషింగ్ మెషిన్ మోటారు. లోపల గోదావరి గులకరాళ్ళు, తెల్లగా బిగువుగా ఉండే చెకుముకి జాతివే ఏరినవి. రాళ్ళు సగం డ్రమ్ము, వాటి సందులు నిండేంత గాజు, పైన ముంచీ ముంచనట్టు నీళ్ళు. ఎక్కువ వేగం తిప్పితే రాళ్ళు గోడకు అంటుకుపోయి నూరడం మానేస్తాయి. ఆ వేగం మీటర్లలో అడ్డకొలత వర్గమూలంతో 42.3ను భాగిస్తే వస్తుంది. 0.25 వర్గమూలం 0.5, కాబట్టి నిమిషానికి 84 చుట్ల పైచిలుకు. అందులో మూడింట రెండొంతులు, 55 దగ్గర నడపాలి. రాళ్ళు పైకెక్కి జారి పడే చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు ఆగిందంటే వేగం ఎక్కువైనట్టు.

ఇంటి మిక్సీలో గాజు పట్టొద్దు. పొడిగా నూరొద్దు, తడిగానే నూరాలి. ఎండిన పొడి జల్లించేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, ఊక బూడిదకు మరీను. నేల చీపురుతో ఊడ్వకుండా తడిబట్టతో తుడవాలి. రోకలి ఇనుముదైతే పొడిలో అయస్కాంతం తిప్పాలి, లేదంటే గ్లేజులో నల్ల చుక్కలు.

మే మొదట్లో, గ్లేజు లెక్క

గాజు 90, చీనా మట్టి 10 పెట్టి మొదటి పూత వేశాం. మెరుపు బాగుంది. బట్టీ తెరిచాక టింగు టింగుమని చప్పుడు, అది నెర్రెలు పడుతున్న చప్పుడే. లెక్క వేస్తే ఆశ్చర్యం లేదు. సోడా-లైం గాజు డిగ్రీకి పది లక్షల్లో 9 పాళ్ళు ముడుచుకుంటుంది. సుద్ద లేని ఎర్రమట్టికి 6 అనుకుందాం. 500 డిగ్రీల దగ్గర గ్లేజు గట్టిపడి అక్కడి నుంచి గది వేడికి దిగేసరికి, 100 మి.మీ. బిళ్ళ మీద గ్లేజు 0.45 మి.మీ. తగ్గాలనుకుంటుంది, మట్టి 0.30 దగ్గరే ఆగుతుంది. తేడా 0.15 మి.మీ., రెండు వెంట్రుకల మందమే గానీ గాజుకు అది చాలు. గాజు వెయ్యిలో ఒక వంతు సాగితేనే తెగుతుంది.

మందు రెండు వైపులా వేయాలి. గ్లేజులో సోడా పాలు తగ్గించి సిలికా, బోరాన్ పెంచితే 9 తగ్గుతుంది. మట్టిలో సుద్ద 6ను పెంచుతుంది. గ్లేజు ముడుపు మట్టి ముడుపుకంటే ఒక పిసరు తక్కువైతే మట్టి గ్లేజును ఒత్తి పట్టుకుంటుంది. అప్పుడిక నెర్రె పడదు.

సిలికాకు రైస్‌మిల్లు బాయిలర్ బూడిద ఉంది. ఊక బూడిదలో 85 శాతం పైన సిలికాయే. నల్లటి బూడిదలో బొగ్గు మిగిలి ఉంటుంది, దాన్ని 700 దగ్గర మళ్ళీ కాలిస్తే తెల్లబడుతుంది. నీళ్ళలో రెండుసార్లు కడిగితే కరిగే క్షారాలు పోతాయి.

బోరాన్‌కు వెలిగారం. దీనితో చిక్కు, ఇది నీళ్ళలో కరుగుతుంది. పచ్చి వెలిగారం గ్లేజు నీళ్ళలో వేస్తే బిళ్ళ నీళ్ళతోపాటు దాన్నీ పీల్చుకుంటుంది, ఆరాక అంచుల్లో స్ఫటికాలు లేస్తాయి, గ్లేజులో ఉండాల్సింది మట్టిలోకి పోతుంది. కాబట్టి ముందే గాజులో కరిగించి కట్టేయాలి. గాజు పొడి 70, పచ్చి వెలిగారం 19, ఊక బూడిద 8. వెలిగారంలో 47 శాతం నీరే, కాబట్టి 19 గ్రాములు కరిగాక 10 గ్రాములవుతుంది. మూసలో సగానికి మించి నింపొద్దు, 100 డిగ్రీలు దాటాక వెలిగారం పొంగుతుంది. కంసాలి మూస చాలు. 1000 దాటించి, తేనెలా జారే దాకా ఉంచి, నీళ్ళ బకెట్లోకి సన్నటి ధారగా పోయాలి. ముఖానికి షీల్డు, తోలు చేతొడుగులు, నూలు బట్టలు, కాళ్ళకు బూట్లు. బకెట్లో నీళ్ళు నిండుగా ఉండాలి, తడి మూసలో కరిగిన గాజు పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు. నీళ్ళలో పడ్డ గాజు పలుకులైపోతుంది, దాన్నే మిల్లులో వేస్తాం. ఇది ఫ్రిట్.

ఆఖరి పాళ్ళు: ఫ్రిట్ 88, చీనా మట్టి 12, పైన 2 పాళ్ళు మన నల్లమట్టి. బెంటొనైట్ కొనే బదులు నల్లరేగడిని పలుచగా కలిపి, పైన తేలిన బంకను మాత్రమే తీసి వేశాం. అదీ మాంట్‌మోరిల్లోనైటే, గాజు పొడిని నీళ్ళలో నిలబెడుతుంది. ఇనుము వల్ల గ్లేజుకు కొద్దిగా తేనె ఛాయ వస్తుంది. తెల్లగా కావాలంటే బెంటొనైటే దిక్కు.

బకెట్లో గ్లేజు ఒక పూట వదిలితే అడుగున బండ కట్టింది. గాజు పొడి నీళ్ళలోకి క్షారం వదులుతుంది, క్షారం మట్టి రేణువుల్ని విడదీస్తుంది, విడిపోయినవి ఒత్తుగా కూర్చుంటాయి. చిటికెడు ఎప్సం సాల్టు గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి చుక్కలుగా వేస్తే పలచటి పెరుగులా నిలబడుతుంది. అల్యూమినియం పాత్రలో మాత్రం పెట్టొద్దు, క్షారం దాన్ని తిని హైడ్రోజన్ వదులుతుంది. ప్లాస్టిక్ బకెట్ మేలు.

చిక్కదనానికి చేతి అంచనా పనికిరాదు. 100 మిల్లీలీటర్ల గ్లేజు 145 గ్రాములు తూగాలి. బిళ్ళను తడి స్పాంజితో తుడిచి దుమ్ము పోగొట్టి, మూడు లెక్కపెట్టేంతలో ముంచి తీయాలి. సూదితో గీసి చూస్తే పూత అర మిల్లీమీటరు ఉండాలి. అంచులు, వెనకవైపు తుడిచేయాలి. బట్టీ బల్లకు చీనా మట్టి, అల్యూమినా చెరిసగం కలిపి పూత వేయకపోతే జారిన చుక్క బిళ్ళనూ బల్లనూ ఒకటి చేస్తుంది.

గ్లేజు కాల్పు, పరీక్షలు

గంటకు 120 చొప్పున (540 నుంచి 620 దాకా మాత్రం 50) 1010 దాకా, పదిహేను నిమిషాల ఆపు, తర్వాత స్విచ్ ఆపి 620 దాకా దానంతటదే, అక్కడి నుంచి 540 దాకా నెమ్మదిగా. 100 లోపు దిగేవరకు మూత తెరవొద్దు.

ఒకే గ్లేజు, మూడు మట్టులు. సుద్ద లేని ఎర్ర బిళ్ళ మీద చల్లారగానే వేలెడు ఎడంతో నెర్రెలు. 15 పాళ్ళ దాని మీద ఏమీ లేవు. 25 పాళ్ళ దాని మీదా లేవు గానీ బిళ్ళ కొద్దిగా వంగింది. ఫౌంటెన్ పెన్ సిరా రుద్ది తుడిస్తే కంటికి కనపడని నెర్రె కూడా గీతలా తేలుతుంది. మరుగుతున్న నీళ్ళలో పది నిమిషాలు, వెంటనే ఐసు నీళ్ళలో, మళ్ళీ మరుగులో. 15 పాళ్ళది దీనికి నిలిచింది.

ఇది చాలదు. గుల్ల మట్టి నెలల తరబడి తేమ పీల్చుకుని కొంచెం కొంచెంగా ఉబ్బుతుంది, గ్లేజు ఉబ్బదు. గోడకెక్కిన ఏడాదికి నెర్రెలు వచ్చేది ఇందుకే. దీనికి అంతర్జాతీయ ప్రమాణంలో 500 కిలోపాస్కల్ ఆవిరిలో రెండు గంటల పరీక్ష ఉంది. ప్రెషర్ కుక్కర్ 100 కిలోపాస్కల్ దగ్గరే ఆగుతుంది, కాబట్టి కుక్కర్లో గెలిచినదంతా గెలిచినట్టు కాదు, ఓడినది మాత్రం ఓడినట్టే. పాత కుక్కర్ ఒకటి దీనికే కేటాయించాలి, మళ్ళీ వంటకు వాడొద్దు. సుద్ద సిలికాలతో కలిసిపోయిన మట్టి తేమకు తక్కువ ఉబ్బుతుంది, ఇక్కడా 15 పాళ్ళదే నిలిచింది.

నీటి పీల్పు కూడా చూడాలి. ఎండు బిళ్ళను తూచి, అయిదు గంటలు మరిగించి, ఒక రోజంతా ఆ నీళ్ళలోనే వదిలి, తుడిచి మళ్ళీ తూచాలి. గ్లేజు లేని బిళ్ళ 17 శాతం పీల్చింది. మామూలు కట్టుబడి ఇటుకకు మన ప్రమాణం 20 మించొద్దంటుంది. అంటే పైన గ్లేజున్నా వెనకంతా గుల్లే. గోడకు అతికించే ముందు నానబెట్టకపోతే సిమెంటులోని నీళ్ళు పీల్చేసి పట్టు రాకుండా చేస్తుంది.

దేనికి వాడాలి, దేనికి వద్దు

పొయ్యి వెనక గోడకు, ఇంటి నంబరు పలకకు, తులసికోట చుట్టూ అంచుకు సరిపోతాయి. నేలకు వద్దు, ఈ గ్లేజు ఇసుక రాపిడికి గీతలు పడుతుంది.

పచ్చడి జాడీలకు ఇది ససేమిరా పనికిరాదు. జాడీలు 1200 పైన కాలి, మట్టే గాజులా బిగుసుకున్న స్టోన్‌వేర్. మన బిళ్ళ అట్లా కాదు. నెర్రె ఒక్కటి పడినా నూనె, ఉప్పు, పులుపు లోపలికి దిగుతాయి. నిమ్మచెక్క రాత్రంతా గ్లేజు మీద బోర్లించి చూశాం. రంగు లేని గ్లేజు మెరుపు తగ్గలేదు. ఆకుపచ్చకు 2 పాళ్ళు కాపర్ ఆక్సైడ్ వేసినదాని మీద మసక మచ్చ మిగిలింది. రాగి గ్లేజును ఆమ్లానికి లొంగేటట్టు చేస్తుంది, ఆ బిళ్ళను అలంకారానికే.

రంజన్ (నీళ్ళు చల్లబరిచే మట్టి కుండ) చేసే కుమ్మరులు గ్లేజు అడిగితే ఒకటే మాట, పూయొద్దు. గోడ రంధ్రాల్లోంచి నీళ్ళు ఊరి ఆవిరి కావడం వల్లనే లోపలివి చల్లబడతాయి. గుల్లదనం అక్కడ లోపం కాదు. రామప్ప గుడి శిఖరానికి నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకలు పెట్టిన కాకతీయుల కాలం వాళ్ళు 1213 నాటికే గుల్ల మట్టిని ఎక్కడ వాడాలో తెలిసినవాళ్ళు. 2021లో యునెస్కో జాబితాలో చేరిన తర్వాత ఆ ఇటుకల మాట అందరి నోటా ఉంది. మన బట్టీ మూతకు పగిలిన ఇటుక స్థానంలో ఎర్రమట్టి ఒక పాలు, జల్లించిన వరి ఊక ఒకటిన్నర పాళ్ళు, కొలతతో కలిపి కాల్చి పెట్టాం. ఊక కాలిపోయిన చోట గాలి మిగిలింది. మూత పైభాగం ఇదివరకంత వేడెక్కడం లేదు. చేత్తో గట్టిగా నొక్కితే రాలుతుంది, కాబట్టి బరువు పడే చోట పెట్టొద్దు.

వచ్చే విడతకు పది కిలోల మట్టికి తూకాలు: నల్ల పూడిక 4.5 కిలోలు, చెల్క మట్టి 3, సుద్ద పొడి 1.5, ఇటుక పొడి 1. గ్లేజుకు ఒక కిలో ఫ్రిట్ చాలు. అది తేవడానికి గాజు పొడి 795 గ్రాములు, పచ్చి వెలిగారం 216, బూడిద 91. మిల్లు నుంచి ఈసారి తెచ్చిన బూడిద ఇంకా నల్లగానే ఉంది, తూచే ముందు మళ్ళీ కాల్చాలి.